బ్యాటరీ మీద నింద

పొద్దున్నే కారు తాళం తిప్పితే సెల్ఫ్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోతుంది. చూసినవాళ్లంతా చెప్పే మాట ఒకటే: బ్యాటరీ పోయింది. పక్కింటాయన అదే అంటాడు, మెకానిక్కూ అదే అంటాడు. వేలు పోసి కొత్తది తెచ్చుకుంటాం. కొత్త బ్యాటరీ బలంతో కారు కొన్నాళ్లు బాగానే కదులుతుంది. తర్వాత మళ్లీ అదే మూలుగు.

విశాఖలో సముద్రపు గాలి తింటూ ఇరవై ఏళ్లు దాటిన మా చిన్న పెట్రోలు కారుకి ఈమధ్య బ్యాటరీ కేబుళ్లు ఇంటి దగ్గరే మార్చుకున్నాను. పాత కార్లు వాడేవాళ్లందరికీ ఈ పని తెలిసుండాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. బ్యాటరీని తప్పుపట్టే ముందు అందులోంచి కరెంటు వెళ్లే దారిని కొలిచి చూడటం మనకు అలవాటు కాలేదు.

సెల్ఫ్ మోటారు తిరిగే ఆ రెండు మూడు సెకన్లలో చిన్న కారైనా వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ లాగేది పది ఆంపియర్ల లోపే. ఇంత కరెంటు పారేచోట చిన్న అడ్డంకి కూడా పెద్దదే. బళ్లో చదువుకున్న ఓమ్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. దారిలో ఎక్కడో ఓమ్‌లో వందో వంతు నిరోధం చేరి, దానిగుండా 150 ఆంపియర్లు వెళ్తే 1.5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. అంటే 225 వాట్ల వేడి కేబుల్ కొసన బిగించే ఒక చిన్న లగ్గు దగ్గర పుడుతుంది. చెరువు నిండుగా ఉన్నా కాలువ పూడిపోతే చివరి మడికి నీరందదు. సెల్ఫ్ మోటారుదీ అదే అవస్థ.

మంచి కేబుల్ తనంతట తాను తినేది చాలా తక్కువ. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ మీటరు పొడవున 150 ఆంపియర్లు మోస్తే పోయేది వోల్టులో పదో వంతు మాత్రమే. జబ్బంతా అతుకుల దగ్గరే. బ్యాటరీ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తగిలి సీసపు టెర్మినల్ మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, రాగి మీద నీలం, ఆకుపచ్చ కలిసిన చిలుము పడుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా తొందరగా వస్తుంది. పైకి కనిపించేదాన్ని తుడిచేయొచ్చు. కానీ చిలుము తొడుగు కిందుగా తీగల మధ్యకి పాకిపోతుంది. అప్పుడు లగ్గు దగ్గర కేబుల్ ఉబ్బుతుంది, వంచితే బిగుసుకుపోయి ఉంటుంది. ఆ స్థితికి వచ్చిన కేబుల్‌ని ఇక తుడిచి లాభం లేదు, మార్చాల్సిందే.

అయినా కంటితో తీర్పు చెప్పకూడదు. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్ చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, మా ఆవిడని సీట్లో కూర్చోబెట్టాను. మీటరు ఒక కొనని బ్యాటరీ ప్లస్ స్తంభానికి, రెండోదాన్ని సెల్ఫ్ మోటారు బోల్టుకి ఆనించి తాళం తిప్పమన్నాను. మోటారు తిరుగుతున్నంతసేపూ మీటరు చూపించేదే ఆ దారిలో పోతున్న వోల్టేజీ. అర వోల్టు దాటితే అనుమానించాలి. మా కారులో 0.2 దగ్గరే ఆగింది. తర్వాత మైనస్ స్తంభానికీ ఇంజిన్ ఒంటికీ మధ్య కొలిచాను. అక్కడ మామూలుగా 0.2, 0.3 వోల్టులకు మించకూడదు. 0.9 చూపించింది. దొంగ దొరికాడు: ఎర్త్ కేబుల్.

ఎర్త్ వైరుని మనవాళ్లు పట్టించుకోరు. నల్లగా, మురికిగా ఓ మూల పడి ఉంటుంది. కానీ ప్లస్‌లో వెళ్లిన ప్రతి ఆంపియరూ తిరిగొచ్చేది దాని మీదుగానే. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి, దానికీ కారు బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ తప్పనిసరి. అది పాడైతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో ఆ భారం మోయలేక వేడెక్కిపోతుంది.

సామాను కోసం గాజువాక ఆటోనగర్ వెళ్లాను. కొలత కోసం పాత కేబుళ్లు పట్టుకెళ్లడం మంచిది. "రాగిదేనా బాబూ?" అంటే కొట్టాయన "గోకి చూసుకోండి సార్" అని ముక్క చేతిలో పెట్టాడు. ఆ పరీక్ష అందరూ చేయాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు చవగ్గా దొరుకుతాయి. చాకుతో గీస్తే లోపల తెల్లగా బయటపడతాయి, చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటాయి. అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లకు పైనే. లగ్గులు మాత్రం కొట్లోనే ప్రెస్ చేయించాను. గట్టిగా నొక్కితే సన్నతీగలన్నీ ఒక్క ముద్దవుతాయి. టంకం పోస్తే అది తీగల్లోకి పాకి కేబుల్ అక్కడ బిరుసెక్కుతుంది, ఇంజిన్ కుదుపులకి అక్కడే విరుగుతుంది.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఈ వరస వెనక ప్రాణాలకు సంబంధించిన కారణం ఉంది. మైనస్ ఉండగా ప్లస్ బోల్టు తిప్పుతూ పానా బాడీకి తగిలితే నేరుగా షార్టవుతుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది కనుక ఆ మెరుపు పేలుడు దాకా వెళ్లొచ్చు. ఉంగరాలు, వాచీ, గాజులు తీసేయాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. సీసపు స్తంభాలను వంటసోడా నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వాలి. ఆ నీళ్లు సెల్‌లలోకి పోకూడదు. ఎర్త్ బోల్టు కూర్చునేచోట రంగూ తుప్పూ గీకి, లోహం మెరిసేదాకా తేవాలి. అన్నీ బిగించాక మాత్రమే పైన వాజిలిన్ రాయాలి. కొత్త కేబుల్ సైలెన్సర్ గొట్టానికీ బెల్టుకీ దూరంగా పోయేలా కట్టాలి.

బిగించాక మళ్లీ కొలిచాను. ఎర్త్ వైపు 0.15. అదే పాత బ్యాటరీతో ఇంజిన్ ఒక్క తిప్పుకి అందుకుంది. ఆ అంకె చూసినప్పుడు కలిగిన తృప్తి డబ్బు మిగిలినందుకు కాదు. మన వాహనంలో ఏం జరుగుతోందో మన చేతులకే తెలియడం ఒక ధైర్యం. 1912 నాటి కాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టర్ అందించేదాకా కార్లను ఇనుప హ్యాండిల్‌తో తిప్పేవాళ్లు. అది వెనక్కి తన్ని చేతులు విరిగిన సందర్భాలెన్నో. ఆ కష్టం తప్పించిన సదుపాయం రెండు కేబుళ్ల మీద నిలబడింది. వాటికి ఏడాదికోసారి ఓ అరగంట ఇవ్వడం న్యాయం.

అయితే హద్దు తెలుసుకోండి. మైనస్ టెర్మినల్ మీదే సెన్సరు ఉన్న కొత్త కార్లను సర్వీసు వాళ్లకే వదలండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అస్సలు వెళ్లకండి, అవి ప్రాణం తీసే వోల్టేజీ మోస్తాయి. మిగతా పాత కార్ల వాళ్లకి నా విన్నపం ఒక్కటే: ఈసారి ఎవరైనా బ్యాటరీ మార్చమంటే, రెండు వైపులా వోల్టేజీ ఎంత పడిపోతోందో ముందు మీటరు పెట్టి చూపించమనండి. చూపించాకే డబ్బు తీయండి.