కోడి కొలతకు కుదిరిన దాణా తొట్టి

కృష్ణా డెల్టాలో పెరటి కోడికి మేత కరువుండదు. కోతలయ్యాక కళ్లంలో రాలిన గింజలు, గట్ల మీద పురుగూ పుట్రా, రైసుమిల్లు నుంచి వచ్చే నూకలు, తౌడు. తిరిగి మేసే కోడికి పైన మనం వేయాల్సింది కొద్దిపాటి దాణాయే. ఆ కాస్తా నేలపాలు కాకుండా చూడటంలోనే నేర్పంతా ఉంది. ఎందుకంటే కోడి కుదురుగా తినదు. ముక్కుతో కెలుకుతుంది, కాలితో చిమ్ముతుంది, తొట్టి అంచెక్కి కూర్చుని అందులోనే రెట్ట వేస్తుంది.

ఖాళీ పెయింటు డబ్బా, ప్లాస్టిక్ బేసిను కలిపి ఇంట్లో చేసుకునే తొట్టిని దగ్గరగా చూస్తే, ఈ ఆగడాలన్నిటికీ అందులో విరుగుడు కనిపిస్తుంది. డబ్బా అడుగంచు చుట్టూ రంధ్రాలు కోసి, బేసిను మధ్యలో స్క్రూలతో బిగిస్తారు. గింజ రంధ్రంలోంచి జారి, బయట చిన్న గుట్టగా పేరుకోగానే తనంతట తానే ఆగిపోతుంది. కోడి తిన్న మేరకే మళ్లీ దిగుతుంది. అంటే బేసినులో దాణా ఎంత ఎత్తు ఉండాలో రంధ్రం ఎత్తే నిర్ణయిస్తుంది. మూడో వంతు మించి నిండకపోతే కోడి చిమ్మినా దాణా అంచు దాటదు. పాత నీళ్ల గొట్టాన్ని నిలువునా చీల్చి అంచుకు తొడిగితే మెడకు గీరుకోదు, దాణాకు అడ్డుకట్టా అవుతుంది.

డబ్బా లోపల మరో పనితనం ఉంది. అడుగున నడిమధ్య ఒక గిన్నె బోర్లిస్తారు. గింజ ఆ వాలు మీదుగా చుట్టూ జారిపోతుంది, మధ్యలో పాతది నిలిచి ముక్కిపోదు. నూకలు ధారగా దిగుతాయి. తౌడు మాత్రం అట్టకట్టి దారి మూసుకుంటుంది కాబట్టి దానికి రంధ్రాలు పెద్దవిగా కోయాలి. సన్నని పైపుతో చేసే తొట్లు తౌడుకు పనికిరానిది ఇందుకే.

పైన వాలుగా దించిన రేకు గొడుగు ఒక్కటే రెండు పనులు చేస్తుంది. కోడి దాని మీద నిలబడలేదు, ముసురు పట్టినా జల్లు లోపలికి రాదు. డెల్టా తేమలో ఇది చిన్న సంగతి కాదు. తడిసిన దాణాకు బూజు పడితే అందులో పుట్టే అఫ్లటాక్సిన్ విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది తాడు. ఉట్టిలా దూలానికి వేలాడదీసిన తొట్టిని ఎలుక సులువుగా అందుకోలేదు. అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలన్నది పెంపకందారులు పాటించే లెక్క. పిల్లలు ఎదిగేకొద్దీ ముడి ఒక్కో మెట్టు పైకి జరుగుతుంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన కేంద్రం పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లూ, పొడుగు కాళ్ల అసీల్ పుంజూ ఒకే పెరట్లో తిరిగితే పొట్టివాటి ఎత్తుకే తాడు కడతారు. పొడుగుది మెడ వంచగలదు, పొట్టిదానికి ఎత్తు అంచు అందదు. పెద్ద కోడి ఒక్కింటికి అంచు మీద సుమారు 10 సెంటీమీటర్ల చోటు చూసుకుంటే బలహీనమైనదీ కడుపు నింపుకుంటుంది.

ఈ తొట్టిలో ప్రతి కొలతా కోడి ఒంటి నుంచి, దాని అలవాట్ల నుంచి తీసుకున్నదే. తొట్టి కట్టాలనుకునేవారు రంపం పట్టేముందు ఒక పూట తమ కోళ్లు తినే తీరు చూడాలి. దాణా ఎటు చిమ్ముతున్నాయో, ఎక్కడ ఎక్కుతున్నాయో, ఏది వెనకబడుతోందో గమనిస్తే ఏ రంధ్రం ఎక్కడ కోయాలో వాటంతట అవే చెబుతాయి.