బల్ల దిగిన తరువాత

గర్భస్రావము చేయించుకొనవచ్చిన స్త్రీకి ఆసుపత్రిలో జరుగు చికిత్స యెంతసేపటిదని యడిగినచో, బల్ల యెక్కినది మొదలు దిగువరకని పెక్కుమంది చెప్పుదురు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల ఆసుపత్రులలో చిరకాలము నర్సుగా పనిచేసి విశ్రమించిన నాకు మాత్రము, ఆ చికిత్సలో ముఖ్యభాగము బల్ల దిగిన తరువాతనే యున్నదనియు, మనవద్ద మిక్కిలి నిర్లక్ష్యమునకు గురియగుచున్నది ఆ భాగమేననియు దృఢమైన నమ్మకము.

చట్టమునకు లోటు లేదు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టము 1972 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. 2021 నాటి సవరణ 20 వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలుననియు, కొన్ని వర్గముల స్త్రీలకు 24 వారములవరకు ఇద్దరి అభిప్రాయముతో అవకాశము గలదనియు నిర్ణయించి, గర్భస్రావము చేయించుకొన్న స్త్రీ పేరు అనధికారముగా బయటపెట్టినవారికి శిక్షను విధించినది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు అవివాహితలను ఆ వర్గములనుండి మినహాయింపరాదని తీర్పు చెప్పినది. ఇన్ని హక్కులతో లోపలికి వచ్చిన మనిషిని ఇంటికి పంపునప్పుడు ఆమెతో మనమెంతసేపు మాటలాడుచున్నాము?

భర్త గుజరాతులోని వేరావలు రేవునకు చేపలవేటకు వెళ్లిన కొలది దినములకు తాను గర్భవతినని తెలిసికొన్న యొక మత్స్యకార యువతి జ్వరముతో మా వార్డునకు వచ్చిన సంగతి నా మనస్సునుండి తొలగదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉదయము కడుపు తీయించుకొని, మధ్యాహ్నము బస్సెక్కి యిల్లు చేరి, మరునాడే చేపలగంప నెత్తికెత్తుకొన్నదట. కొంగున ముడివేసి తెచ్చిన చీటీ విప్పి చూచితిని: మందుల పేర్లు ఇంగ్లీషులో, క్రింద పొడి సంతకము, మరేమియు లేదు. ఆమె వేలిముద్ర వేయు మనిషి. "ఏటి సూసుకోవాలో, మళ్లీ ఎప్పుడు రావాలో ఎవులూ సెప్పనేదమ్మా. జొరమని మా యత్తతోటి సెప్పినాను గానీ, ఎందుకొచ్చిందో సెప్పనేకపోనాను" అన్నది. లోపల కొంత మిగిలిపోయి చీముపట్టినది. వైద్యులు శుభ్రపరచి, సెలైనులో మందులెక్కించి నిలబెట్టిరి. ఏమి చూచుకొనవలెనో ముందుగా నెవరైన చెప్పియుండినచో అంతవరకు రాకపోవును.

చెప్పుట కూడ చేతిపని వంటిదే. అభ్యాసము వలన గాని పట్టుపడదు. ముందు తెర లాగవలెను. వెంటవచ్చిన అత్తగారిని, ఆడపడుచును మర్యాదగా వరండాలోనికి పంపవలెను. మంచము ప్రక్క నిలుచుండి చెప్పినది ఎవరికిని చెవికెక్కదు. స్టూలు లాగుకొని కూర్చుండి, కన్నులలోనికి చూచి చెప్పవలెను. రక్తము కొన్ని దినములు కనుపించుట సహజము. కాని గంటకు రెండేసి ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినచో ఆగక రావలెను, గుడ్డ వాడు యింటిలో ఆ లెక్కను గుడ్డలలోనే చెప్పవలెను. జ్వరము, దుర్వాసన, తగ్గని నొప్పి, ఇవి మూడును ప్రమాదసూచనలు. పది దినములకే అండము విడుదల కావచ్చును గనుక, ముట్టు రాకమునుపే మరల కడుపు నిలుచునని కూడ చెప్పవలెను. చెప్పినంతనే సరిపోదు, ఆమెచేత తిరిగి చెప్పించుకొనవలెను. ఈ సందర్భమున కుటుంబనియంత్రణ సాధనములను వివరించుట ధర్మమే. "ఆపరేషను చేయించుకొందువా, అయినచో ఇది చేసెదము" అని బేరము పెట్టుట ధర్మము గాదు, ప్రభుత్వ మార్గదర్శకములును దానిని అంగీకరింపవు.

ఆసుపత్రి గడప త్రొక్కనివారి మాట వేరు. 2015లో భారతదేశమున సుమారు 1 కోటి 56 లక్షల గర్భస్రావములు జరిగెననియు, వానిలో నూటికి 73 వంతులు ఆసుపత్రి వెలుపల మాత్రలతో జరిగినవనియు పరిశోధకులు లెక్కగట్టిరి. మందుల షాపులో కిట్టు కొన్న మనిషికి మాత్రలు మ్రింగిన పిమ్మట పదునైదవనాడు చేయించుకొనవలసిన పరీక్షను గూర్చి చెప్పువాడెవడు? సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండలలో రాత్రివేళ రక్తము ఆగకపోయినచో, రోడ్డులేని గూడెమునుండి డోలీలో మోసికొని వచ్చి అంబులెన్సు నందుకొనవలెను. అట్టివారికి ఆశా కార్యకర్త నోటిమాటయే ఆసుపత్రి. ఆ మాట ఆమెకు నేర్పు బాధ్యత మనది.

ఆసుపత్రులవారిని నేను కోరునది స్వల్పము: ఇంటికి పంపునప్పుడు పెద్దక్షరముల తెలుగు చీటీ, దానిపై మరల రావలసిన తేదీ, రాత్రివేళ కూడ పలుకు ఫోను నంబరు. చదువరులను కోరునది అంతకంటె స్వల్పము. మీ యింటి ఆడపిల్లకు గాని, పనిచేయు అమ్మాయికి గాని ఆగని రక్తమో, జ్వరమో కనుపించినచో వెంటనే 108కి ఫోను చేయుడు. కారణ మడుగు పని వైద్యులకు విడిచిపెట్టుడు.