పావులూరి మల్లన చతురంగసంఖ్యాపద్యము – పాఠశోధనము

మహావీరాచార్యుఁడు తొమ్మిదవ శతాబ్దిని సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును దెనిఁగించి, పావులూరి మల్లన తెలుఁగున శాస్త్రగ్రంథకర్తలకు మార్గదర్శి యయ్యెను. ఆయన పేరఁ బ్రసిద్ధమైన చంపకమాల యొకటి కలదు. చతురంగపు 64 గడులలో మొదటిదాన 1 నుంచి, గడిగడికి రెట్టించుచుఁ బోయినచో వచ్చు మొత్తమును అది చెప్పుచున్నది. ఆ సంఖ్య 18446744073709551615. సుమారు 1000వ సంవత్సరమున అల్‌బిరూనీ తన కాలగణనగ్రంథమునఁ జెప్పినదియు నీ సంఖ్యయే.

ఇది కవిత్వమా, లెక్కయా యని వాదించుట సులభము. విమర్శకుఁ డడుగవలసిన ప్రశ్న వేఱు. ఇరువది యంకెలలో నొక్కటి లేఖకుని చేతఁ జెడినచో దాని నెఱుఁగు టెట్లు?

అంకెలు భూతసంఖ్యలచే, ఒకట్ల స్థానము మొదలుకొని వామగతిని జెప్పఁబడినవి. 7 అను నంకె మూఁడుచోట్ల రాఁగాఁ గవి నగ, భూధర, గిరి శబ్దములను వేఱువేఱుగాఁ బ్రయోగించెను. శబ్దసంపద మెచ్చఁదగినదే. కాని ఛందస్సు పాఠమును గొంతవఱకే కాచును. మొదటి పదమైన శరకు మాఱుగా శశి యని వ్రాసినచో గణము నిలుచును గాని ప్రాస చెడును, తప్పు బయటపడును. అయిదవ పదమును శరయే. అచ్చట శశి యన్నచో గణయతిప్రాసములలో నేదియుఁ జెడదు. 5 మాత్రము 1 అగును.

అబ్ధిశబ్దము మఱియొక చిక్కు. యోగార్థమున నది నీటికి నెలవు. సంఖ్యావ్యవహారమున రూఢిచే 4. పౌరాణికుఁడు సప్తసముద్రములను దలఁచి 7 అనవచ్చును. వ్యాకరణ మిచ్చట తీర్పు చెప్పలేదు.

గణితము చెప్పఁగలదు. మొదటి వరుసలోని 8 గడుల మొత్తము 255. తరువాతి ప్రతివరుసయుఁ దన ముందుదానికి 256 రెట్లు. కావున సర్వసంకలితము 255 చేత, అనఁగా 3, 5, 17 చేత నిశ్శేషముగ భాగింపఁబడవలెను. అబ్ధి 4 అయినచో అంకెల మొత్తము 87. 7 అయినచో 90. రెండును 3 చేతఁ దెగును. కడపటి యంకె 5 మాఱదు. కాని 17 చేత భాగించినచో రెండవదానికి 5 శేషము మిగులును. ఏ స్థానమందైనను ఒక్క యంకె మాఱినచో భేదము 9కి మించని యంకెను పది ఘాతముచే గుణించినదే. దానిని 17 భాగింపఁజాలదు. కావున ఒంటితప్పు దాఁగదు. పెక్కు తప్పులు కూడినచో మరల రెట్టించి చూడవలసినదే. దీనికిఁ బెద్దారవీటి చెంతనున్న మార్కాపురపుఁ బలక యొక్కటి చాలును.

సందిగ్ధపదమును గ్రహించుట కవిదోషమే. సంఖ్య దానిని సవరించుకొనఁగలిగినది. శాస్త్రపద్యములఁ బరిష్కరించువారు ప్రతులను బోల్చుటతోఁ దృప్తి పడరాదు. పది ప్రతులు శశి యన్నను లెక్క శర యన్నచో శరయే పాఠము.