సమాధానము చెప్పుట: తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో పట్టభద్రుల సాక్ష్య శిక్షణపై ఒక విమర్శ

పేతురు తన మొదటి పత్రిక 3:15లో విశ్వాసులకు అప్పగించిన పనికి మన తెలుగు బైబిలు వాడిన మాట 'సమాధానము'. గ్రీకు మూలములో అక్కడున్నది 'అపొలొగియ', అనగా విచారణలో నిలువబడినవాడు తన పక్షమున చెప్పుకొను మాట. రోమా 5:1లో దేవునితో మనకు కలిగిన 'సమాధానము' వేరు. అక్కడి గ్రీకు మాట 'ఐరేనే'. రెండు వేర్వేరు గ్రీకు మాటలకు తెలుగులో ఒకే మాట దొరికింది. దీనిని అనువాదలోపముగా ఎంచేవారున్నారు. మేము అలా ఎంచము. మన ఊళ్ళలో ఇద్దరు తగవుపడితే పెద్దమనిషి వచ్చి 'సమాధానపరచాడు' అంటారు. అడిగినవానిని ఓడించే జవాబు తెలుగులో సమాధానము కానేకాదు.

ఈ వ్యాసములో మేము పరిశీలించదలచినది, ఇటీవల కళాశాల చదువు ముగించిన మన యువతీయువకులకు విశ్వాసమును వివరించుటలోను పంచుకొనుటలోను ఇస్తున్న శిక్షణ. పరిధి పూర్వపు చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినది గాని, సంఘముల రాకపోకలు జిల్లా సరిహద్దులను బట్టి మారలేదు.

ఈ శిక్షణ కొత్తది కాదు. 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. విద్యార్థులకు ఇ.యు. అనియు, చదువు ముగించినవారికి ఇ.జి.ఎఫ్. అనియు వేర్వేరు సహవాసములను ఏర్పరచి, పట్టభద్రుని అవసరము విద్యార్థి అవసరము వంటిది కాదని మన దేశములో ముందుగా గుర్తించినవాటిలో ఒకటి. అదే 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపించబడింది. తరువాత వైద్య కళాశాల, 1983లో మహిళా విశ్వవిద్యాలయము, 2015లో ఐ.ఐ.టి., ఐసర్ వచ్చాయి. రాయలసీమ పల్లెల నుండి ఇన్నివేల మంది చదువుకొనవచ్చే పట్టణములో చదువుకున్న విశ్వాసికి ఏమి నేర్పుతున్నామన్నది చిన్న ప్రశ్న కాదు. ఇప్పుడు అనేక సంఘములు వేసవిలో రెండు మూడు రోజుల తరగతులు తామే జరుపుకొంటున్నాయి. అట్టివాటిలో మేమును బోధించినవారమే గనుక ఈ విమర్శలో మా పాలు ఉన్నదని ముందే ఒప్పుకొంటున్నాము.

తరగతులలో చెప్పే విషయములు దాదాపు ఎక్కడ చూచినా ఒకటే: దేవుడున్నాడనుటకు రుజువులు, సృష్టియా పరిణామమా, బైబిలు వ్రాతప్రతుల సంఖ్య, ఖాళీ సమాధి. వీటికి మూలము ఎక్కువగా 1972లో జాష్ మెక్‌డవెల్ ప్రచురించిన సాక్ష్యాధారముల గ్రంథము, సి.ఎస్. లూయిస్ యుద్ధకాలములో బి.బి.సి. రేడియోలో చేసిన ప్రసంగములు. అవి తమ తమ చోట్ల గొప్ప పని చేసినవే. లూయిస్ శ్రోతలు క్రైస్తవ్యమును చిన్ననాడు విని పెద్దయ్యాక వదిలిన ఆంగ్లేయులు. మెక్‌డవెల్ శ్రోతలు అమెరికా విశ్వవిద్యాలయాల సంశయవాదులు. మన పట్టభద్రుని పక్కన కూర్చున్న ఉద్యోగి ఈ ఇద్దరిలో ఎవడు? ఎవడూ కాదు. అతడు శనివారము ఒంటిపూట ఉండి, ఏడాదికొకసారి అలిపిరి మెట్లెక్కి వచ్చేవాడు. దేవుడున్నాడని అతనికి మనము రుజువు చేయనక్కరలేదు.

ఒక ఉదాహరణ చాలు. లూయిస్ వాదములో ప్రసిద్ధమైనది మూడు దారుల వాదము: యేసు తన్నుగూర్చి తాను చెప్పుకొన్న మాటలను బట్టి ఆయన వంచకుడైనా కావాలి, మతి చలించినవాడైనా కావాలి, లేదా దేవుడైనా కావాలి. మంచి బోధకుడు మాత్రమే అనుటకు వీలులేదు. కొన్నేళ్ళ క్రితము ఒక తరగతిలో మేము దీనిని నల్లబల్ల మీద గీసి, శ్రద్ధగా నేర్పాము. మరుసటి ఏడు ఆ తరగతికే వచ్చిన ఒక సోదరి, బ్యాంకులో గుమాస్తా, లేచి ఇలా అడిగింది: "అయ్యగారూ, మీరు చెప్పినట్టే మా మేనేజరు సారుకు చెప్పినాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. యేసు దేవుడే అన్నారు. వాళ్ళ పూజగదిలో యేసు పటం కూడా ఉందంట. ఇప్పుడు నేనేం చెప్పాల?"

ఆ రోజు మా దగ్గర సమాధానము లేదు. వాదము నెగ్గింది, సాక్ష్యము మొదలే కాలేదు. లూయిస్ శ్రోతలకు దేవుడనగా ఒక్కడే. గనుక యేసు దేవుడని ఒప్పుకొనుట జీవితమును తలక్రిందులు చేసే ఒప్పుకోలు. కొండక్రింది పట్టణములో అది మర్యాదతో కూడిన చేర్పు. నాలుగవ దారి, అవతారమనే దారి, ఎప్పుడూ తెరిచే ఉన్నది.

ఆ సోదరికి మేము ఆలస్యముగా చెప్పగలిగినది ఇది. అవతారము దేనికి అని మన పల్లెలో ఏ హరికథ విన్నవారిని అడిగినా చెప్పే మాట దుష్టశిక్షణ, శిష్టరక్షణ. రోమా 5:6-8లో పౌలు చెప్పినది దానికి ఎదురుగా నిలుస్తుంది: క్రీస్తు వచ్చినదీ మరణించినదీ భక్తిహీనుల కొరకు. హెబ్రీ పత్రిక 9వ అధ్యాయము అది యుగయుగమునకు జరిగేది కాదని, ఒక్కసారే జరిగినదని పట్టుబడుతుంది. ఇక్కడ నుండి సంభాషణ సాగుతుంది, ఎందుకంటే వినేవానికి తన సొంత మాటలోనే ఒక ఆశ్చర్యము ఎదురవుతుంది: దుష్టుని కొరకు వచ్చిన దేవుడా? 1920లలోనే వి. చక్కరై 'యేసు అవతారము' అను ఆంగ్ల గ్రంథములో ఈ మాటను విడిచిపెట్టక, క్రీస్తునందు దాని అర్థమేమి కావాలో విచారించాడు. ఆయన తీర్మానములన్నిటితో మేము ఏకీభవించము. ప్రశ్న మాత్రము సరిగా పట్టుకున్నాడు. దాదాపు నూరేళ్ళ తరువాత మన తరగతులు ఇంకా ఆ ప్రశ్న దాకా రాలేదు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన పట్టభద్రులలో చాలామంది ఆంగ్ల మాధ్యమములో చదివి, ఆదివారము మాత్రము గ్రాంథిక బైబిలు వింటారు. సంఘములో వాడే మాటలనే కార్యాలయములో వాడితే ఏమి వినబడుతుందో వారెరుగరు. 'నిరీక్షణ' అంటే బయటివారికి ఎదురుచూపు. 'రక్షణ' అంటే కాపాడుట, లేదా సైన్యము. 'ప్రాయశ్చిత్తము' తప్పు చేసినవాడు తానే చేసుకొనవలసినది. తీతు 3:5లో మన బైబిలు 'పునర్జన్మ' అన్నది. ఆ వచనమును పొరుగువానికి చదివి వినిపిస్తే అతడు సంతోషముగా తల ఊపుతాడు, మనము ఉద్దేశించినది తప్ప అన్నీ అర్థము చేసికొంటాడు. ఒక పూట తరగతిని ఇట్టి పది మాటలకు కేటాయిస్తే వ్రాతప్రతుల లెక్కకంటే ఎక్కువ మేలు.

ఇక నిజముగా అడుగబడే ప్రశ్నలు. కొండకు వెళ్ళివచ్చిన సహోద్యోగి లడ్డు పంచుతాడు. మన యువకుని బల్లమీద ఒక ముక్క పెడతాడు. ఈ ప్రాంతములో విశ్వాస సమర్థన పరీక్ష జరిగేది ఆ అర నిమిషములో. సంఘములో అతనికి నేర్పినది ఒక్క మాట: తినవద్దు. ఎలా చెప్పాలో నేర్పలేదు. కొందరు ముఖము తిప్పుకొంటారు, కొందరు తీసికొని చెత్తబుట్టలో వేస్తారు, కొందరు తిని ఇంటిదగ్గర దాచిపెడతారు. 1 కొరింథీయులకు 8 నుండి 10 అధ్యాయములు సరిగా ఈ బల్ల గూర్చినవే. పౌలు అక్కడ పదార్థమును గూర్చి కాక ఎదుటివాని మనస్సాక్షిని గూర్చి ఎక్కువ మాట్లాడాడు. తినకపోవుటకు కారణము అసహ్యము కాదని, నీవు నాకు ఇచ్చిన ప్రేమను నేను తోసివేయుటలేదని చెప్పగలిగిన యువకుడు ఆ రోజు ఒక ప్రసంగము చేసినట్టే. చెప్పలేకపోతే, అతడు మౌనముగా ఉన్నా ఎదుటివాడు వినేది ఒకటే: వీళ్ళకు మనమంటే చిన్నచూపు.

దీనికంటె బరువైన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. దానిని మన తరగతులలో ఎవరును ఎత్తరు. మన సంఘములలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబములవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని 3వ పేరా ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినది గాని క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రములో వారు బి.సి. 'సి' వర్గములో, 1 శాతము కోటాలో ఉన్నారు. ఆ పేరాను తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులను చేర్చుమని తీర్మానించింది. 2024 నవంబరులో పుదుచ్చేరి వ్యాజ్యములో సుప్రీంకోర్టు, విశ్వాసము ఒకటై ధృవపత్రము వేరొకటైతే రిజర్వేషను పొందుటను తప్పుపట్టింది.

ఇప్పుడు 22 ఏళ్ళ పట్టభద్రుని ఎదుట నిలబడి, నీ విశ్వాసమును ధైర్యముగా ఒప్పుకో అని మనము చెబుతున్నాము. అతని సంచిలో ఎస్.సి. ధృవపత్రము ఉన్నది, గ్రూప్ పరీక్షల దరఖాస్తు ఉన్నది, ఇంటిదగ్గర కూలికి వెళ్ళే తల్లి ఉన్నది. ఆఫీసులో ఎవరైనా 'నువ్వు క్రిస్టియన్‌వా?' అని అడిగితే అది అతనికి వేదాంత ప్రశ్న కాదు. నోరు తెరిస్తే ఉద్యోగము, మూస్తే మనస్సాక్షి. ఈ సంగతి ఎరిగియు, దానిని పక్కనపెట్టి రుజువుల పట్టిక నేర్పే శిక్షణ అతనిని ఒంటరిగా వదిలిపెట్టినదే. కొందరు కాపరులు 'అది వ్యక్తిగత విషయము' అంటారు. మరికొందరు వేదికమీద గట్టిగా గద్దించి, ధృవపత్రము మీద సంతకము కావలసినప్పుడు చూచీచూడనట్టు ఊరుకొంటారు. రెండవ రకమువారే విశ్వాసులకు ఎక్కువ హాని చేస్తున్నారని మా అభిప్రాయము. అబద్ధమును మేము సమర్థించుటలేదు. అయితే నిజము చెప్పినందుకు ఒకడు నష్టపోతే, ఆ నష్టమును పంచుకొనుటకు సంఘము ఏమి సిద్ధపరచింది? ఒక్క ఏటి కోచింగు ఫీజైనా ఇచ్చిందా? ఇది అడుగకుండా 1 పేతురు 3:15ను బోధించరాదు. ఆ పత్రికను మొదట చదివినవారు కూడ చెదరినవారే, యజమానుల చేతిక్రింద పనిచేయువారే.

చట్టము మాట సంక్షిప్తముగా: 2007లో రాష్ట్రప్రభుత్వము ఆరాధనా స్థలములలో ఇతరమత ప్రచారమును నిషేధించు శాసనము చేసి, తిరుమలను దాని పరిధిలోనికి తెచ్చింది. కరపత్రములు పంచుటయే సాక్ష్యమని నేర్చిన యువకులకు దీనిని చెప్పకుండా పంపుట బాధ్యతలేనితనము. చట్టమును పక్కనపెట్టినా, మొక్కు తీర్చుకొన వచ్చిన యాత్రికుని దారిలో ఆపి కరపత్రము చేతిలో పెట్టుట పేతురు చెప్పిన సాత్వికము కాదు. ఆ వచనములో మొదట మాట్లాడేది అడిగేవాడు.

మన ప్రాంతమునకు ఈ విషయములో గతము లేకపోలేదు. 18వ శతాబ్దపు ఆరంభములో ఫ్రెంచి జెస్యూటులు పుంగనూరులో ఉండి తెలుగు నేర్చుకొన్నారు. ఆ శతాబ్దములోనే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము'లో క్రీస్తు చరిత్రను ప్రబంధముగా చెప్పాడు. ఆర్కాటు మిషను వైద్యుడు జేకబ్ చాంబర్లేన్ 1860లలో మదనపల్లెలో స్థిరపడి, తరువాత తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షత వహించాడు. అదే మదనపల్లెలో 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు, 1915లో దివ్యజ్ఞాన కళాశాల వెలసింది. మతసంస్థలన్నిటినీ కాదన్న కృష్ణమూర్తిని చదివిన అధ్యాపకుడు మన యువకునికి ఎదురైతే, అతనికి లూయిస్ ఎంతవరకు తోడ్పడతాడు? నెల్లూరులో 1886లో పుట్టిన పి. చెంచయ్య బోధకుడు కాదు, న్యాయవాది, పుదుక్కోట సంస్థానములో న్యాయమూర్తి. 1938లో తాంబరం మహాసభకు హెండ్రిక్ క్రేమర్ వ్రాసిన గ్రంథమునకు, 'భారతదేశములో క్రైస్తవ్యపు పునరాలోచన' అను సంపుటిలో బదులు చెప్పినవారిలో ఆయన ముఖ్యుడు. సంఘ వ్యవస్థను ఆయన తేలికగా తీసివేసిన తీరు మాకు సమ్మతము కాదు. అయినా ఒక తెలుగు పట్టభద్రుడు, జీతమునకు బోధించనివాడు, తన ఉద్యోగములో ఉంటూనే తన ప్రజల ఆలోచనతో క్రీస్తును గూర్చి మాట్లాడగలిగాడు. ఆయన పేరు మా తరగతులలో ఒక్కసారైనా వినబడలేదు, మేమును చెప్పలేదు.

స్టాన్లీ జోన్స్ 1920లలో చదువుకున్నవారిని గుండ్రముగా కూర్చుండబెట్టి, మీ మతము మీ అనుభవములో ఏమి చేసిందో చెప్పండని అడిగేవాడు. వాదమునకు చోటు లేదు. అట్టి కూటములలో మన యువకులు ఎక్కువసేపు వినవలసి వస్తుంది. వారికి అదే కష్టము. యోహాను 9లో పుట్టుగ్రుడ్డివాడు తెలియనిది తెలియదన్నాడు, తనకు జరిగినది మాత్రము విడువలేదు. 'తెలియదు' అనే మాటను శిక్షణలో నేర్పినవారిని మేము ఇంకా చూడలేదు.

గత రెండేళ్ళుగా మేము చేస్తున్న మార్పు చిన్నది. తరగతికి ముందు నెల రోజులు ప్రతివాడు తన్ను ఇతరులు నిజముగా అడిగిన ప్రశ్నలను ఒక నోటుబుక్కులో, అడిగినవారి మాటలలోనే వ్రాసి తేవాలి. పరిణామవాదము ఒక్క పుస్తకములో కూడ లేదు. "డబ్బులిస్తారంట కదా?" చాలా పుస్తకములలో ఉన్నది. "మీ అమ్మ చనిపోతే కర్మ ఎవరు చేస్తారు?" ఉన్నది. ఒక సోదరుని పుస్తకములో ఒకే ప్రశ్న ఉన్నది, దానిని మూడుసార్లు వ్రాశాడు, మూడుసార్లు అడిగినది ఒకే స్నేహితుడు: "నువ్వు ఇంత కష్టంలో ఉన్నావు కదరా, ఇంకా ఎందుకు నమ్ముతున్నావు?" మూడు తేదీలు వేశాడు. మూడింటి ఎదుటా జవాబు గడి ఖాళీగా ఉన్నది. ఈ ఏటి తరగతిని ఆ పేజీతో మొదలుపెట్టాము.