ఈ చెట్టుది ఏ ఊరు?

బొటానికల్ గార్డెన్‌లో నడిచేటప్పుడు ప్రతి చెట్టునూ నేను ఒకటే అడుగుతాను: నీది ఏ ఊరు? మా దర్శి వైపు కొత్త మనిషి కనబడితే ముందు వేసే ప్రశ్న అదే. ఊరు తెలిస్తే వరసలు కలుస్తాయి, మాట సాగుతుంది. చెట్ల దగ్గరా అంతే.

హైదరాబాద్ కొత్తగూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి పేరున్న తోట ఉంది. ఐటీ కంపెనీల మేడల మధ్య 270 ఎకరాల పైచిలుకు పచ్చదనం. మా ప్రాంతం పిల్లలు చాలామంది ఆ చుట్టుపక్కల కంపెనీల్లోనే ఉన్నారు. వాళ్ల దగ్గర నెలా రెండు నెలలు ఉండి వద్దామని వెళ్లిన కన్నవాళ్లకు, పదో అంతస్తులో పొద్దుపోని రైతులకు, మట్టి మీద కాలు ఆనే చోటు అదే. నేనూ మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా పొద్దున్నే అక్కడికి పోతాను.

చెవుల్లో పాటలు పెట్టుకుని, అడుగుల లెక్క చూసుకుంటూ గబగబా నడిచేవాళ్లే అక్కడ ఎక్కువ. వాళ్లను తప్పు పట్టను, ఎవరి ఆరోగ్యం వాళ్లకు ముఖ్యం. నాకు మాత్రం మిరప చేలో నేర్చిన నడకే వచ్చు. చేలో ఎవరూ పరుగులు పెట్టరు. నాలుగు సాళ్లకోసారి ఆగి, ఆకు తిప్పి అడుగున చూస్తారు. అంచులు పైకి లేచి దొన్నెలా ముడుచుకుంటే తామర పురుగు పడ్డట్టు. అంచులు కిందికి వంగితే నల్లి. పైముడత, కిందముడత అని మేము అనేవి ఇవే. ఆ చూపుతో తోటలో అడుగుపెడితే గంటలో అర కిలోమీటరు కూడా సాగదు. సాగనక్కర్లేదు. ఆకు తుంచకుండా, కొమ్మ కిందికి వంగి చూస్తే చాలు.

నాగజెముడు దగ్గర ఆగితే దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. జామాయిల్‌ది ఆస్ట్రేలియా. సుబాబుల్‌ది మెక్సికో వైపు. ఈ చివరి రెండూ కాగితం మిల్లుల కోసం మా జిల్లా రైతులు ఎకరాలకెకరాలు వేసినవే. అక్కడి నుంచి ఆలోచన మా చేలల్లోకి పోతుంది. పొగాకు, మిరప రెండూ సముద్రం దాటి వచ్చినవే. మిరప పోర్చుగీసు ఓడల్లో దిగింది. మేము ఇప్పుడు వేసే పత్తి కూడా అమెరికన్ జాతిదే, దేశవాళీది కాదు. కంది మాత్రం ఈ గడ్డ మీదే పుట్టింది. 2021లో మిరప పూతలో చేరి తోటలకు తోటలను పాడుచేసిన నల్ల తామర పురుగుదీ ఆగ్నేయాసియానే. చెట్టుది ఏ ఊరని అడగడం నాకు కాలక్షేపంగా అనిపించకపోవడానికి ఆ ఏడాదే కారణం. పంట పీకేసిన చేల గట్టున నిలబడినవాళ్లకు ఆ పురుగు ఎక్కడి నుంచి వచ్చిందన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నను మన నేల మీద పెద్ద ఎత్తున అడిగిన మనిషి ఒకడున్నాడు. విలియం రాక్స్‌బర్గ్, కుంపిణీ కొలువులోని స్కాట్లండ్ వైద్యుడు. 1781 నుంచి పన్నెండేళ్ల పాటు సామర్లకోటలో ఉండి, మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క లాంటివి మన సర్కారు నేలలో బతుకుతాయేమోనని తోట వేసి చూశాడు. కుంపిణీకి కావలసింది లాభమే, అందులో దాపరికం లేదు. కానీ అదే కాలంలో సర్కారు జిల్లాలను కరువు కాల్చింది. కొబ్బరి, పనస, సగ్గుబియ్యపు చెట్లు నాటిస్తే వానలు పోయిన ఏడు జనం నోటికి ఏదో ఒకటి అందుతుందని అతను పైవాళ్లకు రాశాడు. బొటానికల్ గార్డెన్ అనగానే పూల పాన్పులు తలచుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలని నాకు ఎప్పుడూ తపన.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. 1795 నుంచి లండన్‌లో వెలువడిన అతని కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మూడు వందల బొమ్మలున్నాయి. వేసినవాళ్లు మన దేశపు చిత్రకారులు, వాళ్ల పేర్లు మనదాకా రాలేదు. మొక్కను తెలుగువాళ్లు ఏమని పిలుస్తారో, దేనికి వాడతారో కూడా అతను రాసుకున్నాడు. చెప్పింది ఎవరు? అడవి తెలిసిన మనవాళ్లే. ఆ జ్ఞానంలో సగం వాటా వాళ్లదని నా నమ్మకం. ఆ గ్రంథంలో తనుకు ఉంది, బిల్లుడు ఉంది. రెండూ మెట్ట అడవుల చెట్లు, మాకు పడమటనున్న నల్లమల చెట్లు. దర్శి పిల్లల్లో వాటిని చూపించి చెప్పగలిగినవాళ్లు ఎందరుంటారు?

దర్శికి అలాంటి తోట లేదు. పెద్ద తోట అడగను. సాగర్ కాలువ గట్టున సర్కారు తుమ్మ కమ్మేసిన నేల కొంత బాగుచేసి, తీరిగ్గా నడిచే దారి ఒకటి వేస్తే చాలు. ఒక పక్క కంది, దేశవాళీ పత్తి, మిరప, పొగాకు తలో మడి. ఇంకో పక్క అడవి చెట్లు. ప్రతి దాని దగ్గరా పుట్టిన చోటు, పూసే నెల, పట్టే పురుగు రాసిన పలక. కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చే పూలమొక్కలు తర్వాత చూసుకోవచ్చు. కాలువ కట్టేసిన నెలల్లో నీళ్లు పోసేవాళ్లు ఉండరు కాబట్టి ముందు ఎండకు ఆగేవే నాటాలి: మోదుగ, రేల, తనుకు, బిల్లుడు.