రెక్క దగ్గర మొదలయ్యే వణుకు

పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, డ్రోన్ షాట్ అంతా జెల్లీ వచ్చేసింది. ఏ సాఫ్ట్‌వేర్‌లో పెడితే పోతుంది?" సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు రెక్కలు చూపించరా అంటాను. ఆ జవాబు వాళ్లకు నచ్చదు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర అన్నీ సర్దుకుపోతాయన్న నమ్మకం మన పనిలో అంతగా పాతుకుపోయింది.

కోనసీమ కొబ్బరితోటల మీద ఎగరేస్తే ఈ జబ్బు ఇట్టే బయటపడుతుంది. నిటారుగా ఉండాల్సిన మానులు మెలికలు తిరుగుతాయి. కరెంటు స్తంభాలదీ, కల్యాణ మండపం స్తంభాలదీ అదే వరస. మామూలు డ్రోన్ కెమెరాలో సెన్సర్ బొమ్మనంతా ఒకేసారి పట్టుకోదు, పైనుంచి కిందికి వరుస తర్వాత వరుసగా చదువుతుంది. ప్రొపెల్లర్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 100. ఒక రెక్క రెండోదానికన్నా రవ్వంత బరువుంటే చాలు, సెకనుకు 100 సార్లు కెమెరా వణుకుతుంది. ఒక ఫ్రేమ్ చదవడానికి సెకనులో 60వ వంతు పడితే, ఆ కాస్త వ్యవధిలోనే ఒకటిన్నర సార్లకు పైగా అటూ ఇటూ ఊగేస్తుంది. పై వరుస ఒకచోట, మధ్య వరుస ఇంకోచోట, కింది వరుస మరోచోట పడతాయి. స్తంభం మీద మెలికలు లెక్కపెడితే ఆ వణుకు వేగం దాదాపుగా తెలిసిపోతుంది. ఈ పనిలో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఇదే. చెడిపోయిన షాట్‌లోనే అది ఎందుకు చెడిందో రాసి ఉంటుంది.

గింబల్ ఉంది కదా, అది ఏం చేస్తోంది అని అడుగుతారు. గాలికి డ్రోన్ ఒరిగినా, మలుపు తిరిగినా కెమెరాను నిలకడగా పట్టుకోవడం గింబల్ పని. సెకనుకు వందసార్లు వచ్చే సన్నటి వణుకును అది అందుకోలేదు. దాన్ని ఆపాల్సింది కెమెరా వేలాడే రబ్బరు డ్యాంపర్లు. అవి మరీ గట్టిగా ఉంటే వణుకు నేరుగా కెమెరాకు చేరుతుంది, మరీ మెత్తగా ఉంటే కెమెరాయే ఊగిసలాడుతుంది. చలికి రబ్బరు బిగుసుకుంటుంది కూడా. సొంతంగా డ్రోన్ కట్టుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. డ్యాంపర్ల పక్కనుంచి కెమెరాకు వెళ్లే వైరు బిగుతుగా లాగి ఉంటే, వణుకు రబ్బరును వదిలేసి వైరు దారి పడుతుంది. అక్కడ కాస్త వదులు ఇవ్వాలి.

ఇక వణుకు మొదలయ్యే అసలు చోటు. రెక్క అంచు మీద బొటనవేలు మెల్లగా జరపండి. నొక్కు తగిలితే ఆ రెక్క పనికిరాదు, అతికించి వాడొద్దు. మడత రెక్కలైతే ఒక మోటారుకున్న రెండింటినీ కలిపి మార్చాలి, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ అయితే బరువు కుదరదు. విడి ప్రొపెల్లర్ అయితే బ్యాలన్సర్ మీద పెట్టి చూస్తాను. సన్నటి ఇరుసుకు ప్రొపెల్లర్ గుచ్చి, రెండు అయస్కాంతాల మధ్య నిలబెడతాం. ఇరుసు ఒక కొసనే ఆని ఉంటుంది కాబట్టి ఒరిపిడి దాదాపు ఉండదు. రెక్కలను అడ్డంగా పెట్టి వదిలితే, బరువైన రెక్క నెమ్మదిగా కిందికి దిగుతుంది. పైకి లేచిన రెక్కకు గోరంత టేపు ముక్క అంటిస్తాను. మళ్లీ వదులుతాను. ఎక్కువైతే కత్తెరతో కొంచెం తీస్తాను. ఎక్కడ వదిలితే అక్కడే ఆగిపోయేదాకా ఇదే పని. కొత్తగా డబ్బాలోంచి తీసినవి కూడా ఒక్కోసారి ఒరుగుతాయి.

రెక్కలు బాగున్నా వణుకు పోలేదంటే, ప్రొపెల్లర్లన్నీ తీసేసి మోటార్లను ఒక్కొక్కటే తిప్పి, డ్రోన్ చేతిమీద వేలు ఆనించి చూడాలి. బేరింగ్ అరిగినా, ఇరుసు వంగినా ఆ ఒక్క మోటారు దగ్గర జివ్వుమంటుంది. స్క్రూలు, చేతుల పగుళ్లు అప్పుడే చూసేయొచ్చు.

వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెడితే జెల్లీ పోయిందని చాలామంది సంబరపడతారు. ఎన్‌డీ 16 పెడితే 1/800 షట్టర్ 1/50కి దిగుతుంది. మెలికలు ఒకదానిలో ఒకటి కలిసి మసకబారతాయి. వణుకు మాత్రం అలాగే ఉంటుంది, ఆకు అంచుల్లో పదును పోతుంది. అందుకే జబ్బు వెతికేటప్పుడు నేను ఫిల్టర్ తీసేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో వేగమైన షట్టర్‌తో తీస్తాను. దోషం దాచుకునే చోటుండదు. అంతా సరయ్యాక ఫిల్టర్ పెడితే అందం కోసమే పెట్టినట్టవుతుంది.

సాఫ్ట్‌వేర్‌ను నేను తక్కువ చేయడం లేదు. గైరోఫ్లో లాంటివి గైరో లెక్కలను పట్టుకుని కుదుపులను చక్కగా సవరిస్తాయి. మామూలు స్టెబిలైజర్ మాత్రం ఫ్రేమ్ మొత్తాన్ని జరుపుతుంది. జెల్లీలో ఒక్కో వరుస ఒక్కో వైపు పోయి ఉంటుంది, మొత్తాన్ని ఎటు జరిపినా అన్నీ కుదరవు.

ఇంత పట్టుబట్టి చెప్పడం వీడియో అందం కోసమే కాదు. కెమెరాను వణికించేదే ఫ్లైట్ కంట్రోలర్‌లోని సెన్సర్లనూ వణికిస్తుంది. ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్‌తో డ్రోన్ నడిపేవాళ్లు లాగ్‌లో ఈ వణుకు ఎంతో చెప్పే అంకె చూసుకుంటారు. 30 లోపుంటే ఫర్వాలేదు, 60 దాటితే దాదాపు ఎప్పుడూ ఇబ్బందే. అదే వణుకుకు స్క్రూలు వదులవుతాయి, పగిలిన రెక్క గాల్లోనే విరగొచ్చు. మన డ్రోన్లు తిరిగేది పిల్లలు పరిగెత్తే పెళ్లి పందిళ్ల దగ్గర. జనం నెత్తిమీద ఎగరేయకండి. షాట్‌లో జెల్లీ కనిపించిన డ్రోన్‌ను పందిరి చుట్టుపక్కలకు కూడా తేకండి. రెక్కలు మార్చి, ఖాళీ చేనులో ఎగరేసి చూసుకున్నాకే పనికి తీసుకెళ్లండి.