వల కోసింది ఎవరు?

పర్యావరణ సినిమాలు ఊరూరా తెర కట్టి చూపించడం మంచి పనే. మంచి పని గనక ప్రశ్నించకూడదనడం మాత్రం సరికాదు. సినిమా చూసి జనం మారారని చెప్పుకుంటుంటారు. ఏ జనం మారాలని ఆ సినిమా తీశారు? మారినందుకు అయిన ఖర్చు ఎవరి నెత్తిన పడింది? ఈ రెండూ అడక్కుండా ఇలాంటి ప్రదర్శనల్ని అంచనా కట్టలేం.

మైక్ పాండే 2000లో తీసిన డాక్యుమెంటరీ 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' సంగతే చూద్దాం. గుజరాత్ తీరంలో తిమింగల సొరల వేట దాని విషయం. చేపలన్నిట్లోకీ పెద్దది ఈ సొర. మనిషి జోలికి రాదు. నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్నీ చిన్న చేపల్నీ వడగట్టుకుని తింటుంది. దీని కాలేయం నూనెని అక్కడ పడవలకి పూసేవాళ్ళు. 1990లలో మాంసానికి విదేశీ గిరాకీ రావడంతో వేట పెరిగింది. ప్లాస్టిక్ పీపాలు కట్టి, అది అలిసి తేలిందాకా వెంటాడేవాళ్ళు. అందుకే దాన్ని 'బేరల్' అన్నారు. సినిమా వచ్చిన మరుసటేడే, 2001లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దాని పేరు చేరింది. మన దేశంలో అలాంటి రక్షణ దొరికిన మొదటి చేప అదే. ఒక చిన్న సినిమా ఇంత పని చెయ్యడం అరుదు. ఆ గొప్పతనాన్ని కాదనడం లేదు.

అయితే నగరంలో ఆ సినిమా చూసి బయటికొచ్చిన మనిషికి గుర్తుండేది గాలం పట్టిన చెయ్యి. మాంసం కొన్న దేశం, ఎగుమతి చేసినవాడి లెక్కల పుస్తకం అంతగా గుర్తుండవు. చట్టంలో రాసిన మూడు నించి ఏడేళ్ళ జైలు కూడా ఆ చేతికే అందరికంటే దగ్గర.

ఈ చూపుకి పేరు పెట్టినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల చివర్లో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. పై నించి కిందికి చూసే షాట్‌ని వాళ్ళు 'పటేల్ షాట్' అన్నారు. గడీలో కూచున్న దొర కింద నిలబడ్డవాణ్ణి చూసే చూపు అది. కింద నించి పైకి చూసేది జీతగాడి చూపు. కంటికి కన్ను సమానంగా ఉంటే అది 'సంగం షాట్'. సినిమా శాస్త్రం చదివినవాళ్ళకి తట్టని మాట ఇది. పటేల్ ముందు నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్ళకే తడుతుంది. వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టం మీద కూడా వాళ్ళే సినిమా తీశారు. అక్కడ రైతు దోషి కాదు, సాక్షి.

ఈ కొలబద్దతో మళ్ళీ గుజరాత్ తీరానికి వెళదాం. 2004 నించి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా అక్కడ ప్రచారం నడిపింది. రామకథ చెప్పే మొరారీ బాపు ముందు నిలబడి చెప్పారు. సొరకి 'వ్హాలీ' అని ముద్దు పేరు పెట్టారు. ప్రసవానికి పుట్టింటికొచ్చే కూతురని వీధి నాటకాలాడారు. మత్స్యకారులు విన్నారు. వలలో పడ్డ సొరల్ని తమ వలలు తామే కోసి వదిలేశారు. అలా బతికిన సొరలు వందల్లో ఉన్నాయి. ఇది బెస్తల త్యాగం. కానీ చేప వాసనకే మొహం తిప్పుకునే సమాజం, చేపలే బతుకైనవాళ్ళకి వచ్చి దయ నేర్పడంలో ఒక కులపు చూపుంది. సముద్రాన్ని విషం చేసే కార్ఖానా యజమానికి కూతురి కథ ఎవరు చెప్పారు?

ఇంకో సంగతి. కోసిన వలకి గుజరాత్ అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. అందుకు రుజువుగా ఫోటోలు కావాలి గనక మత్స్యకారులకి కెమెరాలిచ్చారు. అంటే కెమెరా చేతికొచ్చింది. వచ్చింది సాక్ష్యం కోసం, కథ చెప్పడానికి కాదు. పరిహారం కూడా వల ఎవరిదో వాళ్ళకే. పడవలో జీతానికి పనిచేసే కలాసీ వల కోస్తాడు, ఆ పూట వేట పోగొట్టుకుంటాడు. లెక్కలో ఎక్కడా కనపడడు.

ఆ కలాసీల్లో మనవాళ్ళున్నారు. శ్రీకాకుళం తీరం నించి ఏటా వేరావల్ పోయి గుజరాతీ పడవలెక్కుతారు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోతే, 20 మంది 2020 జనవరిలో తిరిగొచ్చారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేల మంది అక్కడే చిక్కుబడి, చివరికి బస్సుల్లో ఇళ్ళు చేరారు. ఆ పాకిస్తాన్ చెర ఆధారంగా 2025లో 'తండేల్' వచ్చింది. అందులో కలాసీ హీరో అయ్యాడు, ప్రేమించాడు, దేశభక్తుడయ్యాడు. సొంతూరి సముద్రం ఎందుకు చాలకుండా పోయిందన్న ప్రశ్న మాత్రం ప్రేమకథ కింద మునిగిపోయింది. డాక్యుమెంటరీలో వేటగాడు, కమర్షియల్ సినిమాలో వీరుడు. రెండు చోట్లా కూలి అడిగే మనిషి మాత్రం లేడు.

ప్రదర్శనలు ఆపమని కాదు. సొర బతకాలి, సముద్రం బతకాలి. అది ముందు కావలసింది సముద్రం మీద బతికేవాళ్ళకే. కాబట్టి తీరంలో తెర కట్టే కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు సినిమా అయిపోయాక వెంటనే ఉపన్యాసం మొదలుపెట్టకండి. ముందు మైకు కలాసీకివ్వండి, ఎండు చేపలమ్మే ఆడమనిషికివ్వండి. మీరు చూసినదాంట్లో అబద్ధం ఏది అని అడగండి. వల కోసిన పూట కూలి ఎవరిస్తారో ఆ రాత్రే ఊరి ముందు తేలాలి. ఆ తర్వాత కెమెరా వాళ్ళ చేతిలో పెట్టి, ఈసారి రుజువు కాదు, మీ కథ తియ్యండి అనాలి. అప్పటిదాకా సముద్రం మీద మనం వేస్తున్నవన్నీ పటేల్ షాట్లే.